కొత్త ప్లగ్గు కొనేముందు పాతది విప్పి చూడండి

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలు, తిరుపతి మెకానిక్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా స్పార్క్ ప్లగ్గుల గురించే, అంటే సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించి పెట్రోలును అంటించే ప్లగ్గులు. వేసవి వచ్చిందంటే ఇది మామూలే. పిల్లలకు సెలవులిస్తారు, చుట్టాలు దిగుతారు, ఇంట్లో ఉన్న పాత కారులో అందరినీ కుక్కి కొండకు బయలుదేరతారు. అలిపిరి దాటి నాలుగు మలుపులు ఎక్కేసరికి బండి మొరాయిస్తుంది. రేణిగుంట రోడ్డులో మా షెడ్డుకు వచ్చేవాళ్లు కూడా బండి దిగకముందే "ప్లగ్గులు మార్చెయ్యన్నా" అంటారు. మార్చడానికి ఎంతసేపు? ఏది వెయ్యాలో, అసలు వెయ్యాలో వద్దో తేల్చుకోవడమే కష్టం. ఉత్తరాలను కాస్త కుదించి ఇస్తున్నాను.

ప్రశ్న: మాది 1996 మోడల్ మారుతి 800, కార్బొరేటర్ బండి. ఊళ్లో తిరిగితే ఏ ఇబ్బందీ లేదు. నలుగురం ఎక్కి తిరుమల వెళ్తే మాత్రం ఘాట్‌లో పికప్ పోతోంది, మిస్ కొడుతోంది. ఇరిడియం ప్లగ్గులు వేస్తే పుల్లింగ్ పెరుగుతుందని స్పేర్ పార్ట్స్ షాపులో చెప్పారు. మూడింటికీ కలిపి రెండు వేల దాకా అవుతుందట. వేయించమంటారా?
(రిటైర్డ్ టీచర్, చంద్రగిరి)

జవాబు: మాస్టారూ, ఆ రెండు వేలు ప్రస్తుతానికి మీ జేబులోనే ఉండనివ్వండి. ఇరిడియం చెడ్డదని కాదు. మీ బండి జబ్బుకు అది మందు కాదు.

ఇరిడియం 2,400 డిగ్రీలు దాటితే గానీ కరగదు. మామూలు ప్లగ్గు మొనలో ఉండే నికెల్ 1,455 డిగ్రీలకే కరుగుతుంది. అంత గట్టి లోహం కాబట్టి మొనను అర మిల్లీమీటరు మందాన చేసినా తట్టుకుంటుంది. మామూలు ప్లగ్గుకు ఆ మొన రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. మొన సన్నగా ఉంటే తక్కువ వోల్టేజీకే స్పార్క్ దూకుతుంది, ప్లగ్గు చాలా ఏళ్లు వస్తుంది. ప్లగ్గు దగ్గరికి చెయ్యి పోవాలంటే సగం సామాను ఊడదీయాల్సిన కొత్త కార్లకు అది నిజంగా ఉపయోగం. మీ 800లో ప్లగ్గులు చేతికి అందే చోటే ఉంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పుకోవచ్చు. ఇక పుల్లింగ్ సంగతంటారా, ఇంజిన్‌కు బలం వచ్చేది పెట్రోలు పూర్తిగా కాలినప్పుడు. మామూలు ప్లగ్గు సరిగ్గా అంటిస్తుంటే ఇరిడియం కొత్తగా ఇచ్చే బలం ఏమీ ఉండదు.

మరి ఊళ్లో లేని మిస్ ఘాట్‌లో ఎందుకు వస్తోంది? ఊళ్లో మీరు యాక్సిలరేటర్ సగం కూడా తొక్కరు. సిలిండర్‌లోకి వెళ్లే గాలి తక్కువ, లోపలి ఒత్తిడీ తక్కువ. ప్లగ్గు గ్యాప్, అంటే మధ్య మొనకు, పక్క కొమ్ముకు మధ్య ఉండే సందు, కాస్త పెరిగిపోయినా స్పార్క్ ఎలాగోలా దూకేస్తుంది. ఘాట్‌లో నలుగురు మనుషులు, రెండో గేరు, యాక్సిలరేటర్ పూర్తిగా కింద. సిలిండర్ నిండా గాలి, పెట్రోలు పడి ఒత్తిడి బాగా పెరుగుతుంది. అంత ఒత్తిడిలో అదే గ్యాప్‌ను దాటాలంటే స్పార్క్‌కు ఎక్కువ వోల్టేజీ కావాలి. వోల్టేజీ పెంచి పంపే కాయిల్ అంత ఇవ్వలేకపోయినా, మధ్యలో వైరు లీకవుతున్నా స్పార్క్ పడదు. మీకు "మిస్" అని వినిపించేది అదే.

కాబట్టి ముందు గ్యాప్ చూడాలి. వాడేకొద్దీ మొన అరిగి గ్యాప్ పెరుగుతుంది. 0.7 లేదా 0.8 మిల్లీమీటర్లు ఉండాల్సింది 1.1కి వచ్చేసిన ప్లగ్గులు మా బల్ల మీదికి తరచుగా వస్తుంటాయి. సందు కొలిచే ఫీలర్ గేజ్ ఆకు పెడితే కాస్త పట్టి పట్టనట్టు జారాలి. ఎక్కువుంటే పక్క కొమ్మును నేల మీద మెల్లగా తట్టి దించండి. స్క్రూడ్రైవర్ పెట్టి మధ్య మొన మీద ఆనించి మాత్రం తిప్పొద్దు, పింగాణీ పగులుతుంది. మీ బండికి సరైన కొలత ఓనర్స్ మాన్యువల్లో ఉంటుంది. లెక్క తెలియాలని చెబుతున్నా: పాయింట్లు (కాయిల్‌కు కరెంటు కలిపి తెంపే చిన్న స్విచ్చు) ఉన్న పాత ఇగ్నిషన్‌కు గ్యాప్ తక్కువ పెడతారు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు ఎక్కువ పెడతారు. 1489 సీసీ అంబాసిడర్‌కు ప్లగ్గు గ్యాప్ 25 తౌ (తౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.63 మిల్లీమీటర్లు. పాయింట్ల మధ్య సందు 15 తౌ. ఈ రెండు అంకెలూ పాత మెకానిక్కులకు నిద్రలో లేపి అడిగినా వచ్చేవి.

గ్యాప్ తర్వాత ప్లగ్గులకు వెళ్లే హైటెన్షన్ వైర్లు, వాటికి కరెంటును వరుసగా పంచే డిస్ట్రిబ్యూటర్ మూత, మీ బండిలో ఉంటే పాయింట్లు, కండెన్సర్. చీకటి పడ్డాక బానెట్ ఎత్తి ఇంజిన్ ఆన్ చేసి చూడండి. వైరు మీద ఎక్కడైనా నీలం రంగు మిణుకులు కనిపిస్తే అక్కడ కరెంటు లీకవుతోందన్నమాట. చెయ్యి మాత్రం పెట్టకండి. అవన్నీ బాగుంటే ఎయిర్ ఫిల్టర్, పెట్రోల్ ఫిల్టర్ చూడాలి. పైగా తిరుమల 850 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి కిందికంటే సుమారు 8 శాతం పల్చన. గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్‌కు ఆ సంగతి తెలియదు, పెట్రోలు ఎప్పటిలాగే పోస్తుంది. ఫిల్టర్ కూడా మూసుకుపోయి ఉంటే పైకి వెళ్లేకొద్దీ మిశ్రమం చిక్కబడి ప్లగ్గులు మసి పడతాయి.

ఇక ఏ ప్లగ్గు వెయ్యాలన్నది. బయటికి ఒకేలా కనిపించే రెండు ప్లగ్గులను పక్కపక్కన తలకిందులుగా పట్టుకుని లోపలికి తొంగి చూడండి. మధ్యలో తెల్లటి పింగాణీ ముక్కు ఉంటుంది. ఒకదాంట్లో అది పొడుగ్గా ఉండి చుట్టూ లోతైన ఖాళీ కనిపిస్తుంది. ఇంకోదాంట్లో పొట్టిగా ఉంటుంది. పొడుగు ముక్కున్న దాంట్లో వేడి వెనక్కి పోయి హెడ్డులో, అంటే ప్లగ్గు బిగించే ఇంజిన్ పైభాగంలో, కలవడానికి ఎక్కువ దూరం ప్రయాణించాలి. అందుకని మొన వేడిగా ఉంటుంది, దాన్నే హాట్ ప్లగ్గు అంటాం. పొట్టిది కోల్డ్ ప్లగ్గు. మొన సుమారు 450 డిగ్రీలకు తగ్గితే మసి కాలిపోకుండా పేరుకుంటుంది. 850 దాటితే మొన ఎర్రగా కాలి స్పార్క్ పడకముందే పెట్రోలు అంటుకుంటుంది, అప్పుడు పిస్టన్‌కు ప్రమాదం. మీ ఇంజిన్‌కు కంపెనీ చెప్పిన నంబరు ఈ రెండు అంకెల మధ్య నడిచేలా ఎంచిందే.

నంబరు చదవడం తెలిస్తే షాపులో ఎవరూ మోసం చెయ్యలేరు. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో బాగా దొరికే బీపీఆర్6ఈఎస్ తీసుకోండి. 'బీ' అంటే 14 మిల్లీమీటర్ల మర, మన 21 నంబరు ప్లగ్ స్పానర్ పట్టే తల. 'పీ' అంటే పింగాణీ ముక్కు బయటికి వచ్చినది. 'ఆర్' అంటే రెసిస్టర్ ఉంది. '6' అంటే వేడి నంబరు. 'ఈ' అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు, ఆ చోట 'హెచ్' ఉంటే 12.7. చివరి 'ఎస్' మామూలు రాగి కోర్‌కు గుర్తు. దీనికి దగ్గరి జోడు బాష్‌లో డబ్ల్యూఆర్7డీసీ, ఛాంపియన్‌లో ఆర్ఎన్9వైసీ.

ఇక్కడే పెద్ద పెద్ద మెకానిక్కులు కూడా బోల్తా పడతారు. ఎన్‌జీకేలో, డెన్సోలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది. బాష్‌లో, ఛాంపియన్‌లో అంకె పెరిగితే వేడిది. "ఇంకో పాయింట్ హాట్ ఇవ్వు" అని ఎన్‌జీకే 6 బదులు 7 పట్టుకొచ్చేవాళ్లు ఎంతమందో! కావాల్సిందొకటి, తెచ్చుకునేది దానికి పూర్తిగా రివర్స్. మన వైపు ఇప్పటికీ బాష్ ప్లగ్గును మైకో ప్లగ్గనే అంటారు. 1951లో పుట్టిన మైకో కంపెనీ పేరు 2008లో బాష్ అయింది. షాపులో మైకో అని అడిగినా, బాష్ అని అడిగినా ఒకటే ఇస్తారు. అంకె మాత్రం సరిచూసుకోండి.

మర పొడవు విషయంలో రాజీ పడొద్దు. 12.7 ఉండాల్సిన హెడ్డులో 19 బిగిస్తే మొన లోపలికి దూరి పిస్టన్‌కో వాల్వుకో తగులుతుంది. 19 ఉండాల్సిన చోట పొట్టిది పెడితే స్పార్క్ గూట్లో ఉండిపోతుంది, ఖాళీగా మిగిలిన మరలో మసి గట్టిపడి తర్వాత సరైన ప్లగ్గు కూడా దూరదు. పాత ప్లగ్గు మీది నంబరును గుడ్డిగా నమ్మకండి. ముందు యజమాని ఏది దొరికితే అది వేసి ఉండొచ్చు. మాన్యువల్ లేకపోతే ఇంజిన్ మోడల్ చెప్పి ప్లగ్గు కంపెనీ కేటలాగ్‌లో చూపించమనండి.

ప్రశ్న: నాన్నగారి అంబాసిడర్ పెట్రోలు బండి ఇప్పుడు నేనే నడుపుతున్నాను. మూడు ప్లగ్గులు లేత గోధుమ రంగులో ఉన్నాయి, రెండో సిలిండర్‌ది మాత్రం నల్లగా, నూనె పూసినట్టు తడిగా వస్తోంది. తుడిచి పెడితే కొన్నాళ్లకు మళ్లీ అంతే. హాట్ ప్లగ్గు వేస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు.
(ఉద్యోగిని, చిత్తూరు)

జవాబు: అమ్మా, ప్లగ్గులను వరుస తప్పకుండా చూశారు చూడండి, సగం పని మీరే చేసేశారు. చాలామంది నాలుగూ విప్పి ఒక డబ్బాలో పడేసి తెస్తారు. ఏది ఏ సిలిండర్‌దో తెలియకపోతే వాటిని చూసి చెప్పేదేముంది?

నాలుగూ పొడి మసితో నల్లగా ఉంటే కార్బొరేటర్‌నో చోక్‌నో అనుమానించాలి, ఎందుకంటే పెట్రోలు నాలుగింటికీ అక్కడి నుంచే వస్తుంది. ఒక్కటే తడిగా ఉందంటే తప్పు ఆ ఒక్క సిలిండర్‌లో ఉంది. రెండో ప్లగ్గును మూడో దాంట్లో, మూడోదాన్ని రెండో దాంట్లో పెట్టి కొన్ని రోజులు నడపండి. మళ్లీ రెండో సిలిండర్‌లోదే తడిస్తే ప్లగ్గుది తప్పేమీ లేదని తేలిపోతుంది. తర్వాత దాన్ని వేళ్ల మధ్య రుద్దండి. జిడ్డుగా ఉండి ఆరకపోతే ఇంజిన్ ఆయిల్. వాసన కొట్టి కాసేపట్లో ఆరిపోతే పెట్రోలు, అంటే ఆ సిలిండర్‌కు స్పార్కే అందడం లేదు, వైరు చూడాలి.

ఆయిలే అయితే అది పిస్టన్ రింగుల పక్క నుంచి పైకి వస్తోందా, వాల్వు గైడుల (వాల్వు కాడ జారే గొట్టాల) నుంచి కిందికి దిగుతోందా? మీ ఊరి నుంచే దీనికి మంచి పరీక్ష ఉంది. పలమనేరు వెళ్లి మొగిలి ఘాట్‌లో దిగేటప్పుడు బండిని గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలెయ్యండి. ఇంజిన్ బ్రేకులా పట్టుకుంటుంది, లోపల పీల్పు బాగా పెరుగుతుంది. గైడులు అరిగి ఉంటే ఆ పీల్పుకు ఆయిల్ వాల్వు కాడ వెంట జారి సిలిండర్‌లో పడుతుంది. కిందికొచ్చాక యాక్సిలరేటర్ తొక్కగానే వెనకాల నీలం పొగ ఒక్కసారిగా గుప్పుమంటుంది. వెనక సీట్లో ఒకర్ని కూర్చోబెట్టి చూడమనండి. 1944 నాటి తిరుమల మొదటి ఘాట్, ఇప్పుడు దిగడానికి మాత్రమే వాడేది, అందులో దిగి వచ్చిన పాత ట్యాక్సీలు అలిపిరి దగ్గర ఇలా పొగ వదలడం చూస్తూనే ఉంటాం. దిగేటప్పుడు కాకుండా ఎక్కేటప్పుడు కూడా నీలం పొగ ఆగకుండా వస్తుంటే రింగులు. సిలిండర్ ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టించండి. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూసినప్పుడు రీడింగ్ పెరిగితే రింగులే అని ఖాయం.

మెకానిక్ చెప్పింది పూర్తిగా తప్పని అనను. ఆయిల్ తినే సిలిండర్‌కు ఒక్క అంకె హాట్ ప్లగ్గు వేసి కొన్నాళ్లు నడిపించడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. మసి కాలిపోయి మిస్ తగ్గుతుంది. కానీ అది ఊళ్లో తిరగడానికి. ఆ ప్లగ్గుతో నిండు లోడు వేసుకుని మే నెల మధ్యాహ్నం ఘాట్ ఎక్కకండి. గైడులకు ఖర్చు మరీ ఎక్కువ కాదు. పిస్టన్ బొక్క పడితే మాత్రం ఇంజిన్ విప్పి సిలిండర్ బోరింగ్ చేయించేదాకా వెళ్తుంది.

ప్రశ్న: ఇ20 పెట్రోలు వచ్చాక మా 1998 కార్బొరేటర్ కారు ప్లగ్గులు తెల్లగా మారుతున్నాయి. మైలేజీ కూడా తగ్గింది. కోల్డ్ ప్లగ్గుకు మారాలా?
(వ్యాపారి, శ్రీకాళహస్తి)

జవాబు: వద్దు సార్. జ్వరం వచ్చిందని థర్మామీటరు మార్చినట్టవుతుంది.

ఇ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే కలిసి ఉంటుంది. కొత్త కార్లలో సెన్సర్ దాన్ని గుర్తించి పెట్రోలు పెంచుతుంది. మీ కార్బొరేటర్ జెట్ పాత పెట్రోలుకు కోసిన రంధ్రం, అది మారదు. అందుకని మిశ్రమం పల్చబడుతుంది, ప్లగ్గు రంగు తేలుతుంది. మైలేజీ సంగతి కూడా లెక్కే: లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే మొత్తం మీద 6, 7 శాతం తగ్గుతుంది. అంతకు మించి పడిపోయిందంటే ఇంకేదో ఉందని అర్థం.

లేత రంగు వేరు, సున్నంలా తెల్లబడి పింగాణీ మీద చిన్న చిన్న బుడిపెలు రావడం వేరు. మొదటిదైతే ఇప్పటికి బాధ లేదు. రెండోదైతే బండిని దూరాలు తిప్పకుండా ముందు మానిఫోల్డ్ గాస్కెట్, వాక్యూమ్ పైపులు చూపించండి. ఎక్కడో గాలి చొరబడుతుండొచ్చు. తర్వాత టైమింగ్ ఎక్కువ అడ్వాన్స్‌లో ఉందేమో, అంటే స్పార్క్ మరీ ముందుగా పడుతోందేమో చూడాలి. కార్బొరేటర్ విప్పి కడిగించి మిక్స్చర్ సరిచేయించండి, అవసరమైతే ఒక సైజు పెద్ద జెట్. పాత రబ్బరు పెట్రోలు పైపులను ఇథనాల్ తినేస్తుంది, వాటిని వేలితో నొక్కి చూడండి. మెత్తబడినా పగుళ్లు కనిపించినా మార్చెయ్యండి, అది ప్లగ్గుకంటే ముందు చెయ్యాల్సిన పని. ఇంకో మాట. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచేవాళ్లయితే ట్యాంకులో ఇ20 నిల్వ ఉంచకండి, అది తేమను పీల్చుకుంటుంది.

ప్లగ్గు రంగు చూసే పద్ధతి కూడా చెబుతాను. ఇంటి ముందు పావుగంట ఐడిలింగ్‌లో ఉంచి విప్పితే ఏ ప్లగ్గయినా నల్లగానే ఉంటుంది, దాన్ని చూసి ఏమీ చెప్పలేం. రద్దీ లేని చదును రోడ్డు మీద కాస్త వేగంగా కొన్ని కిలోమీటర్లు నడిపి, పక్కకు తీసి ఆపి, ఐడిలింగ్‌లో ఉంచకుండా వెంటనే ఇంజిన్ ఆపండి. చల్లారాక విప్పి చూడండి. ఘాట్ రోడ్డు మీద ఇలాంటి ప్రయోగాలు చెయ్యకండి.

ప్రశ్న: తాతగారి ప్రీమియర్ పద్మిని బాగు చేసుకుంటున్నాను. ప్లగ్గు ఒకటి ఎంత బలం పెట్టినా తిరగడం లేదు. పైపు తొడిగి తిప్పమంటున్నారు స్నేహితులు.
(ఇంజనీరింగ్ విద్యార్థి, పుత్తూరు)

జవాబు: తమ్ముడూ, పైపు పక్కన పెట్టు. పద్మిని హెడ్డు అల్యూమినియం. ప్లగ్గు ఉక్కు. ఏళ్ల తరబడి కదలకపోతే రెండూ పట్టేసుకుంటాయి. బలవంతం చేస్తే ప్లగ్గుతో పాటు హెడ్డు మర కూడా చుట్టుకుని వచ్చేస్తుంది. అంతకంటే అన్యాయం, ప్లగ్గు మధ్యకు విరిగి సగం లోపల ఉండిపోవచ్చు.

ముందు ప్లగ్గు గుంటలో ఉన్న దుమ్మునంతా గాలితో ఊదించు. లేకపోతే విప్పగానే ఆ ఇసుకంతా సిలిండర్‌లో పడుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలెయ్యి. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, మంచి ప్లగ్ స్పానర్ నిటారుగా పెట్టి పావు వంతు విప్పు, మళ్లీ కాస్త బిగించు, మళ్లీ స్ప్రే, మళ్లీ విప్పు. కిర్రుమని చప్పుడు చేస్తూ కొంచెం కొంచెంగా వస్తుంది. వేడి ఇంజిన్ మీద అల్యూమినియం మర మెత్తగా ఉంటుంది, అప్పుడు ముట్టుకోవద్దు. అప్పటికీ రాకపోతే మంచి టర్నర్ ఉన్న చోటికి తీసుకెళ్లు. మర పోయినా భయం లేదు, స్ప్రింగులా ఉండే ఉక్కు మర చుట్టను లోపల బిగించి మళ్లీ 14కు తెస్తారు.

కొత్త ప్లగ్గు పెట్టేటప్పుడు స్పానర్‌తో మొదలుపెట్టకు. చేత్తో, లేకపోతే ప్లగ్గు తలకు రబ్బరు గొట్టం తొడిగి, వాషర్ ఆనేదాకా తిప్పు. అడ్డం పడితే గొట్టమే జారిపోతుంది, మర పాడవదు. వాషర్ ఆనాక స్పానర్‌తో అర చుట్టు, మహా అయితే మూడింట రెండు వంతులు. కొత్త వాషర్ నలిగి కూర్చోవాలి కాబట్టి అంత. వాడిన ప్లగ్గునే తిరిగి పెడితే ఆనాక కొంచెం బిగిస్తే చాలు. టార్క్ రెంచ్ దొరికితే అల్యూమినియం హెడ్డుకు 25 న్యూటన్ మీటర్ల దగ్గర పెట్టు. మర పొడిగానే ఉండాలి. గ్రీజు పూస్తే అదే టార్క్‌కు ప్లగ్గు ఇంకా ఎక్కువ బిగుసుకుంటుంది.

నువ్వు అడగలేదు గానీ, వైర్లు తీసేముందు ఏ వైరు ఏ ప్లగ్గుదో టేపు అంటించి రాసుకో. పద్మిని ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లకు స్పార్క్ పడే వరుస, 1-3-4-2. మీ కాలేజీలో ఇది చెప్పే ఉంటారు.

ప్రశ్న: పాత ప్లగ్గులను ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ వాడొచ్చా?
(మదనపల్లె)

జవాబు: మొనల మధ్య ఒకసారి తేలిగ్గా రుద్దొచ్చు. పింగాణీ ముక్కు మీద రుద్దకండి, గీతలు పడితే మసి అక్కడే అతుక్కుని ప్లగ్గు షార్ట్ అవుతుంది. వైరు బ్రష్ కూడా అంతే, ఇత్తడి పొడి పింగాణీ మీద గీతలా మిగులుతుంది. పూర్వం ఇసుకతో కొట్టి శుభ్రం చేసే మెషిన్లు ఉండేవి. బాగానే పనిచేసేవి గానీ లోపల ఇసుక రేణువు మిగిలితే అది సిలిండర్ గోడను గీకుతుంది. మధ్య మొన అంచులు గుండ్రంగా అరిగిపోయి ఉంటే ఎంత శుభ్రం చేసినా లాభం లేదు. స్పార్క్ పదునైన అంచు నుంచే తేలిగ్గా దూకుతుంది. మామూలు ప్లగ్గు ధరకు అంత కష్టం దేనికి? ఇరిడియం, ప్లాటినం ప్లగ్గులనైతే అసలు రుద్దనే వద్దు.

ప్రశ్న: గ్యాస్ కిట్టున్న ఓమ్నీకి ప్లగ్గు వేరేది వెయ్యాలా?
(డ్రైవర్, రేణిగుంట)

జవాబు: గ్యాస్‌ను అంటించడానికి పెట్రోలుకంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకని గ్యాప్‌ను పెట్రోలు కొలతకంటే 0.1 మిల్లీమీటరు తగ్గించి పెట్టండి, వైర్లు కొత్తవి ఉండాలి. రోజంతా గ్యాస్ మీద లోడు బండి తిప్పేవాళ్లు ఒక్క అంకె కోల్డ్ వేసుకుంటారు. మీరు సగం పెట్రోలు, సగం గ్యాస్ అయితే కంపెనీ నంబరే ఉంచండి. ప్లగ్గులను పెట్రోలు బండికంటే త్వరగా మార్చుకోవాలి.

ప్రశ్న: రెసిస్టర్ ఉన్నది వెయ్యాలా, లేనిదా? పాయింట్లున్న పాత బండి, అందులో రేడియో కూడా లేదు.
(పీలేరు)

జవాబు: ఏదైనా నడుస్తుంది. రెసిస్టర్ ప్లగ్గు లోపల సుమారు 5 కిలో ఓమ్‌ల అడ్డు ఉంటుంది, స్పార్క్ వల్ల రేడియోలో వచ్చే గరగరను ఆపడానికి. వైర్లలోనూ, మూతల్లోనూ రెసిస్టెన్స్ ఉండి ప్లగ్గులోనూ ఉంటే, కాయిల్ బలహీనంగా ఉన్న బండిలో కాస్త తేడా కనిపించొచ్చు. కంప్యూటర్ ఉన్న ఎంపీఎఫ్ఐ బండికి మాత్రం రెసిస్టర్ తప్పనిసరి, లేకపోతే సెన్సర్లు తికమక పడతాయి.

ప్రశ్న: ప్లగ్గు అసలుదో నకిలీదో ఎలా కనిపెట్టాలి?
(తిరుపతి)

జవాబు: చేతిలోకి తీసుకుని ఎదురుగా చూడండి. మధ్య మొన, పక్క కొమ్ము ఒకే గీతలో ఉండాలి. నకిలీలో కొమ్ము పక్కకు ఒరిగి ఉంటుంది, అతుకు దగ్గర గరుకుగా ఉంటుంది. వాషర్‌ను వేలితో లాగితే అసలుది మర మీంచి ఊడి రాదు, నకిలీది చాలాసార్లు చేతికొచ్చేస్తుంది. పింగాణీ మీది అక్షరాలను గోటితో గీకండి, చెరగకూడదు. నాలుగు కొంటే నాలుగింటికీ గ్యాప్ కొలవండి. ఒక్కోటి ఒక్కో లెక్కలో ఉంటే ఆ షాపు మారండి.

ప్రశ్న: కార్తీక మాసంలో వానలు పట్టుకుంటే పొద్దున బండి స్టార్ట్ కాదు. ప్లగ్గులు మార్చినా అంతే. మధ్యాహ్నం ఎండ వస్తే మామూలుగా స్టార్ట్ అవుతుంది.
(గృహిణి, నగరి)

జవాబు: అమ్మా, జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ఎండకు ఆరేది ప్లగ్గు మొన కాదు, డిస్ట్రిబ్యూటర్ మూత, వైర్లు. మూత విప్పి లోపల చూడండి. తేమ ఉంటే పొడి గుడ్డతో తుడవండి. పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత ఒక పిన్ను నుంచి ఇంకో పిన్నుకు కనిపిస్తే మూత పగిలి కరెంటు అడ్డదారి పట్టిందన్నమాట, తుడిస్తే పోదు, మూత మార్చాలి. ప్లగ్గుల బయటి పింగాణీని కూడా తుడవండి. దాని మీద జిడ్డు, దుమ్ము ఉంటే తేమకు స్పార్క్ బయటి నుంచే బాడీకి జారిపోతుంది. వైర్ల చివర రబ్బరు బూట్లు గట్టిపడి పగిలి ఉంటే కొత్త వైర్ల సెట్టు తీసుకోండి. పదేపదే సెల్ఫ్ కొట్టి బ్యాటరీని అయిపోనివ్వకండి. రెండుసార్లు కొట్టినా అందుకోకపోతే ఆపి, ప్లగ్గులు విప్పి చూడండి, పెట్రోలుకు తడిసిపోయి ఉంటాయి. ఆరబెట్టి, మూత తుడిచి, చోక్ లేకుండా కొట్టండి.